ట్రేలు మూడు, లెన్సు ఒక్కటే

(సంవాదం)

మాట్లాడుకుంటున్నది ఇద్దరు. బావ మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా. ఇరవై ఏళ్ల కింద కొన్న మూడు డిస్కుల వీసీడీ ప్లేయర్‌ను ఇంకా పారెయ్యలేదు. బావమరిది సూర్యాపేటలో టీవీలు, ఆంప్లిఫయర్లు, ప్లేయర్లు బాగుచేసే మెకానిక్. కోదాడలో చిన్నాయన ఇంటికి ఇద్దరూ వచ్చారు. ఆ ప్లేయర్‌ను బాగుచేయించాలా, పాత సామాను బండికి వెయ్యాలా అన్న దగ్గర మాట మొదలైంది.

బావ: ఆ డబ్బా పేరు ఎత్తితే చాలు, మొఖం అట్ల పెడ్తవేంది? మూడు డిస్కులు ఒక్కసారే పెట్టుకునే మెషిన్, నా అసుంటి గుమస్తా కొనుక్కోగలిగే ధరకు వచ్చిందంటే చిన్న ముచ్చటనా?

బావమరిది: చిన్న ముచ్చట కాదు బావా. ఆ ధరకు ఎట్ల వచ్చిందో మూత ఇప్పి చూసినోణ్ణి, అందుకే మొఖం అట్ల పెడ్త. మూడు ట్రేలున్నయని అట్టపెట్టె మీద ఇంతింత అక్షరాలతోని రాసిన్రు. లోపల లెన్సు ఒక్కటే అని ఎక్కడన్న రాసిన్రా?

బావ: మూడు లెన్సులు ఎందుకయ్యా? ఒకసారి నడిచేది ఒక్క డిస్కే గదా.

బావమరిది: నేను చెప్పేదీ అదే. మూడు డిస్కుల ప్లేయర్ అంటే మూడు ప్లేయర్లు కాదు. ఒక్క ప్లేయరే. దానికి తోడు తిరిగే పళ్లెం, రబ్బరు బెల్టు, ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, పళ్లెం యాడ ఆగిందో చెప్పే సెన్సరు. వచ్చే బొమ్మ అదే, వచ్చే పాట అదే. ఖరాబయ్యే జాగలు మాత్రం పెరిగినయి. అగ్గువ మెషిన్ల పైసలు మిగిలించుకునేది ఎక్కడో తెల్సా? చిప్పు కాడ కాదు. చిప్పు అగ్గువ దాంట్ల, పిరం దాంట్ల దాదాపు ఒక్కటే. కదిలే సామాన్ల కాడ మిగిలించుకుంటరు. మూడు డిస్కుల దాంట్ల కదిలే సామానే ఎక్కువ.

బావ: నువ్వు మూత లోపలి సంగతి చెప్పినవు. నేను టీవీ ముందట చాప మీద కూసున్నోని సంగతి చెప్త, ఇను. వీసీడీ ఒక్కదాంట్ల ఎంత పడ్తది? 74 నిమిషాలు, మహా అయితే 80. మన సినిమా ఎంత? 1957ల వచ్చిన ‘మాయాబజార్’ మూడు గంటల పైన. 2002ల వచ్చిన ‘ఇంద్ర’ మూడు గంటలకు కొంచెం తక్కువ. రెండూ మూడు డిస్కుల లెక్కే. పాటల సీడీలు మార్చుకుంట కూసునే తీరిక లేక బయటి దేశాలోళ్లు ఐదు డిస్కులదో, ఆరు డిస్కులదో కొనుక్కున్నరేమో. మనం కొన్నది ఒక్క సినిమాను మధ్యల తెగకుంట చూడాలెనని. ఆ మూడు ట్రేలు మన సినిమా కొలతకు కుట్టించినట్టే ఉండె.

బావమరిది: అయితే ‘దాన వీర శూర కర్ణ’ పెట్టు. దాదాపు నాలుగు గంటల సినిమా. 74 చొప్పున మూడు డిస్కులు కలిపితే 3 గంటల 42 నిమిషాలు. రథం కుంగే టైముకు నీ ట్రేలు అయిపోతయి.

బావ: ఏడాదికోసారి చూసే సినిమాకు లేస్తతియ్యి. మిగిలిన రోజుల్ల ఎవరు లేవాలె? ఒక్క డిస్కు ప్లేయర్ ఉన్నన్ని రోజులు మీ అక్కనే లేచేది. ఇల్లంత వాడకట్టు జనం. గోడ కాడ నేను, గడప కాడ మా అమ్మ, నడుమ పిల్లలు. టీవీ దగ్గరికి పోవాలంటే పదిమందిని దాటాలె. సరిగ్గా హీరో కత్తి తీసిన కాడ తెర నీలం రంగైతది, అందరు మీ అక్క దిక్కు చూస్తరు. మూడు డిస్కులది వచ్చినంక ఆమె కూడ కూసుని చూసింది.

బావమరిది: నువ్వట్ల అనుకుంటున్నవు. అక్కను అడుగు. ఒక డిస్కు అయిపోయి పళ్లెం తిరిగి రెండోది అందుకునేదాక పదిపదిహేను సెకండ్లు పడ్తది గదా, ఆ సందుల ‘అందరికి చాయ్ పెట్టుపో’ అన్నది నువ్వే. లేసుడు తప్పలే, లేసిన పని మారింది.

బావ: అది మెషిన్ తప్పు కాదు, నా తప్పు. నా లెక్కల రాసుకో.

బావమరిది: సరే, మెషిన్ లెక్కకే వస్త. కరెంటు పోతే ఏమయితుండె? రెండో డిస్కు సగంల ఉన్నవు, కరెంటు పోయింది. వచ్చినంక నీ మెషిన్ ఎక్కడ మొదలు పెడ్తది? మళ్ల మొదటి డిస్కు, మొదటి నిమిషం. నువ్వు రిమోట్ పట్టుకుని డిస్కు స్కిప్ నొక్కాలె, మళ్ల ముందుకు ఉరికించుకుంట పోవాలె. గీ లోపల ఇంకోసారి పోతే? పళ్లెం తిరుగుతున్నప్పుడే పోయిందనుకో, డిస్కు సగం పైన, సగం కింద ఇరుక్కుంటది. అట్ల ఇరికిన పెట్టెలను సంకల పెట్టుకుని ఎంతమంది వచ్చేటోళ్లో. కిరాయికి తెచ్చిన డిస్కు లోపల ఇరికింది, రేపటికి ఇయ్యకపోతే ఇంకో రోజు కిరాయి పడ్తది, తొందరగ తియ్యమని నా పానం తినేటోళ్లు.

బావ: కరెంటు పోవుడు ప్లేయర్ తయారు చేసినోని తప్పా?

బావమరిది: కాదు. కానీ కరెంటు పోయే ఊర్లకు అమ్ముతున్నమని వానికి తెల్వదా? పొలాల మోటర్లు ఒక్కసారి ఎత్తుకుంటే వోల్టేజి ఎంత పడేదో నీకు తెల్సు. బల్బు ఎర్రగ వెలిగేది. మామూలు ప్లేయర్ తక్కువ వోల్టేజిల డిస్కును తిప్పేందుకే తండ్లాడ్తది. నీ దాంట్లయితే పళ్లెం మోటరు కూడ లేవాలె.

బావ: నేను స్టెబిలైజర్ పెట్టిన.

బావమరిది: పెట్టినవు. మరి ఊక బూడిదకు ఏం పెట్టినవు? మీ మిర్యాలగూడల మిల్లుల బాయిలర్లు ఊకతోనే గదా కాలేది. దండెం మీది తెల్లబట్ట సాయంత్రానికి నల్లగైతది. డిస్కు మీద వరుసల మధ్య ఎడం మిల్లీమీటరుల వెయ్యో వంతుకు కొంచెం ఎక్కువ, 1.6 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంల అసుంటి వరుసలు నలబై దాక పడ్తయి. ఆ సందుల కిరణం దారి తప్పకుంట పోవాలె. లెన్సు మీద సన్నటి బూడిద పొర కూసుంటే ఇగ ఏం చదువుతది? ‘నో డిస్క్’ అని రాస్తది. మూడు ట్రేలల్ల మూడు డిస్కులుంటయి, అది మాత్రం ఒక్కటి కూడ లేదంటది.

బావ: బూడిద ఒక్క డిస్కు ప్లేయర్‌ల పడదా ఏంది?

బావమరిది: పడ్తది. కానీ నీ పెట్టె నోరు పెద్దది. మూడు డిస్కులు పట్టే సొరుగు బయటికి వచ్చినప్పుడల్లా జానెడు దర్వాజ తెరిచినట్టే. పైగా డిస్కులు నెలలకు నెలలు దాంట్లనే పడి ఉంటయి. ఒక్క డిస్కు ప్లేయర్ అయితే సినిమా అయిపోంగనే తీసి కవర్ల పెడ్తరు.

బావ: లోపలనే ఉంటే గీతలు పడవు గదా! పిల్లలు ఒక డిస్కు తీసి ఇంకోటి పెట్టేటప్పుడే నేల మీద పడేస్తరు, వేలిముద్రలు వేస్తరు. నా డిస్కులు నీ గిరాకుల డిస్కుల కంటే శుభ్రంగ ఉన్నయంటే ముట్టుకోకపోవుడే కారణం.

బావమరిది: ఈ మాట ఒప్పుకుంట. వేలిముద్రలు ఎక్కువ పడేది అంచున. సీడీ నడిచేది నడిమి నుంచి అంచు దిక్కు. లోపల నిమిషానికి 500 చుట్లు, అంచుకు వచ్చేసరికి 200 చుట్లు. అందుకే మొదట్ల టైటిల్స్ అద్దంలెక్క నడుస్తయి, డిస్కు ఆఖర్ల గళ్లు గళ్లు వస్తది. ‘క్లైమాక్స్‌లనే ఎందుకు ఆగుతది’ అని అందరు అడిగేటోళ్లు. క్లైమాక్స్ ఉండేదే అంచున. బొటనవేలు పడేదీ అక్కడనే.

బావ: మరి అదే గీతలున్న పాటల సీడీ మంచిగ నడిచేది, సినిమా సీడీ మొరాయించేది. దానికేం చెప్తవు?

బావమరిది: సీడీ తయారైననాడే దాంట్ల తప్పులు దిద్దుకునే లెక్క పెట్టిన్రు. రెండు మిల్లీమీటర్ల పైన గీత పడ్డా, పోయిన ముక్కను చుట్టుపక్కల లెక్కల నుంచి మళ్ల కట్టుకుంటది. ఇంకొంచెం పోతే పాటల సీడీ అయితే ముందు శబ్దం, వెనుక శబ్దం చూసి నడిమిది అందాజుగ పూడ్చుకుంటది, నీ చెవికి తెల్వది. కంప్యూటర్ సీడీల ఇంకో పొర దిద్దుబాటు కూడ ఉంటది. వీసీడీల బొమ్మకు జాగ చాలదని ఆ పొర తీసేసిన్రు. అందుకే దెబ్బ తగిలితే నేరుగ తెర మీదనే కనపడ్తది.

బావ: అందుకే టూత్‌పేస్టు రుద్దేది.

బావమరిది: రుద్దినోళ్లు సగం మంది గుండ్రంగ రుద్ది ఇంకింత చెడగొట్టుకున్నరు. నడిమి నుంచి అంచుకు నిలువుగ తుడవాలె. గుండ్రంగ రుద్దితే గీత వరుస ఎంబడే పోతది, దిద్దుకునే లెక్కకు అందదు. ఇంకో సంగతి, మెరిసే దిక్కు మందం ఉంటది, చిన్న గీతైతే తట్టుకుంటది. బొమ్మ ఉన్న దిక్కు పల్చటి పూతే. ఆడ గోరు గీరినా అల్యూమినియం పొర పోయినట్టే. అందరు మెరిసే దిక్కు పైకి పెట్టి, బొమ్మ దిక్కు నేలకు ఆనిచ్చేటోళ్లు. జాగ్రత్త అనుకుని చేసిందే చెరుపు.

బావ: ఇయన్ని డిస్కుల తప్పులు. మెషిన్‌ది ఏం చెప్తవు?

బావమరిది: మెషిన్ తప్పు మన చిన్నాయనను అడుగు. కోదాడల సీడీలు కిరాయికి ఇచ్చినప్పుడు ఆయనకు అన్నిటికన్న పెద్ద తలనొప్పి మూడు డిస్కుల గిరాకులే. కవరు తెచ్చి ఇస్తరు, లోపల రెండు డిస్కులే ఉంటయి. మూడోది ఇంట్ల ట్రేల కూసుని ఉంటది. లేకుంటే పోయినవారం సినిమా మూడో డిస్కు ఈ సినిమా కవర్ల వస్తది. తర్వాత తీసుకపోయినోడు సినిమా అంత చూసి, ఆఖర్ల ఇంకెవరి క్లైమాక్సో చూసి కొట్లాటకు వస్తడు. చివరికి ఆయన కవరు మీద ‘ట్రే చూసుకోండి’ అని స్కెచ్‌పెన్నుతో రాసిపెట్టిండు.

బావ: ఆ చిన్నాయననే దుకాణంల మూడు డిస్కులదే వాడిండు. అది చెప్పవేంది? తిరిగొచ్చిన డిస్కులు మూడూ ఒక్కసారే పెట్టి, మొదలు, నడుమ, అంచు నడిపి చూసేటోడు. గిరాకి నిలబడి ఉండంగనే తేలిపోయేది. ఆయన తలనొప్పి తెచ్చింది అదే మెషిన్, మందు ఇచ్చిందీ అదే మెషిన్.

బావమరిది: అది నిజమే. కానీ ఆయన దాన్ని రోజూ తుడిచేటోడు, ఏడాదికోసారి బెల్టు మార్పించేటోడు. హైవే మీద వీడియో బస్సులోళ్లు చూడు. హైదరాబాద్, విజయవాడ మధ్య అప్పుడది 9వ నంబరు రోడ్డు, ఇప్పుడు 65. సూర్యాపేటల చాయ్‌కి ఆగినప్పుడు ప్లేయర్ పట్టుకుని మా దుకాణానికి ఉరికొచ్చిన క్లీనర్లున్నరు. ఒక్కడు కూడ మూడు డిస్కులది పెట్టలే. స్పాంజి మీద ఒక్క డిస్కుది కూసోబెట్టుకున్నరు. కుదుపుకు తిరిగే పళ్లెం ఆగదని వాళ్లకు ఎవరు చెప్పలే, నష్టపోయి నేర్చుకున్నరు.

బావ: బస్సుల లారీల పెట్టుకునే సామాను నేను ఇంట్లకు కొన్ననా? నాది గూట్లె కూసుండేది. ఏండ్లకు ఏండ్లు నడిచింది.

బావమరిది: ఏండ్లకు ఏండ్లు నడవలే బావా, ఏండ్లకు ఏండ్లు నడిపించినం. లెన్సు రెండుసార్లు మార్చిన. కేఎస్‌ఎస్-213 అని సోనీ రకం, దాని నకళ్లు కోఠి గుజరాతీ గల్లీల కుప్పలుగ దొరికేటియి. అది దొరికింది కాబట్టి నీ మెషిన్ బతికింది. దొరకని మోడల్ కొన్నోళ్లది షోకేసుల బొమ్మయింది. అగ్గువ సామాను కొనేటప్పుడు ఎన్ని ట్రేలని కాదు అడగాల్సింది, లెన్సు మన ఊర్ల దొరుకుతదా అని అడగాలె.

బావ: నువ్వు మార్చేకంటే ముందు ఇంకొకాయనకు చూపించిన. పది నిమిషాల్ల నడిపించి ఇచ్చిండు. నీ కంటే తక్కువ తీసుకున్నడు.

బావమరిది: ఎట్ల నడిపించిండో చెప్పనా? లెన్సు పక్కన చిన్న ప్రీసెట్ ఉంటది. స్క్రూడ్రైవర్‌తో ఇంత తిప్పితే లేజర్‌కు కరెంటు ఎక్కువ పోతది. ముసలి లెన్సు ఆ పూటకు పిల్లగాని లెక్క చదువుతది. కొన్ని రోజులకు మొత్తం మాడిపోతది. గిరాకి మాత్రం డిస్కులు మంచియి కావని తిట్టుకుంటడు. మా పనోళ్లల్ల అట్ల చేసేటోళ్లు ఉన్నరు. సిగ్గుపడాల్సిన మాట, అయినా చెప్పాలె.

బావ: ఇప్పుడు నీ కోపం అర్థమయింది. అగ్గువ మెషిన్లు వచ్చి నీ రిపేరు పని తీసుకపోయినయి. అందుకే వాటి మీద నీకు మంట.

బావమరిది: తప్పు. నా దుకాణం పెట్టించిందే అగ్గువ మెషిన్లు. వీసీడీ ప్లేయర్ మొదట తయారైంది చైనాల, హెఫెయ్ అనే ఊర్ల, వాన్‌యాన్ అనే కంపెనీ, 1993ల. తర్వాత అక్కడ అందరు తయారు చేసుడు మొదలు పెట్టిన్రు, ధర పడిపోయింది. బోర్డు, లెన్సు, పెట్టె విడివిడిగ మన దేశానికి వచ్చినయి, ఢిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్ల జోడిచ్చి పంపేటోళ్లు. రైతింటికి, హమాలీ ఇంటికి టీవీ పక్కన ఇంకో మెషిన్ చేరిందంటే ఆ ధరతోనే. ఖరాబైతేనే గదా నాకు పని. ఆ అగ్గువ ఇంకా కిందికి పోయి, కొత్తది రిపేరు ఖర్చుకే రాబట్టినప్పుడు నా పని పోయింది. పెట్టిన చెయ్యే తీసింది. మంట లేదు, లెక్క తెల్సు.

బావ: మరి ఆ లెక్కల మూడు ట్రేలకు జాగ ఎందుకియ్యవు?

బావమరిది: ఎందుకంటే వాటిని చంపింది నా అసుంటి మెకానిక్ కాదు, బూడిద కూడ కాదు. ఒక్క డిస్కే చంపింది. ఎమ్‌పీ3 వచ్చింది. మామూలు సీడీల పన్నెండు పదిహేను పాటలు పట్టే జాగల 150 దాక పట్టినయి. పొద్దున పెడ్తే రాత్రిదాక పాడ్తది. తర్వాత డీవీడీ. 4.7 జీబీ, మూడు గంటల సినిమా ఒక్క దాంట్లనే, బొమ్మ ఇంకింత సాఫుగ. 2007 నాటికి మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. ఆరు రూపాయల తేడాకు ఎవడు మూడు డిస్కులు తిప్పుతడు? డిస్కులు మార్చుడు కష్టమైతే మార్చే మెషిన్ కొనుడు ఒక దారి. మార్చే అవసరమే లేకుంట చేసుడు ఇంకో దారి. రెండోదే నిలిచింది.

బావ: నిలిచిందంటవా? ఆ 34 రూపాయల కంపెనీ కూడ 2018ల దివాలా లెక్కల్ల అమ్మకానికి పోయింది. నీ ఎమ్‌పీ3 డిస్కు యాడున్నది ఇప్పుడు? ఏది నిలిచిందని చూస్తే ఏదీ కొనొద్దు. 2003ల నాకు కావాల్సింది 2003ల దొరికిందా లేదా అన్నదే నా లెక్క. ఆనాడు నా దగ్గర డీవీడీకి పైసల్లేవు, దుకాణంల డీవీడీలు లేవు. ఉన్నది మూడు వీసీడీల కట్ట. దానికి సరిపోయే మెషిన్ కొన్న.

బావమరిది: ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆనాటికి తప్పు కాదు. కానీ ఇప్పుడు ఎందుకు బాగుచేయించాలె? ఏం చూస్తవు దాంట్ల?

బావ: నీకు తెల్వదా? మీ చెల్లెలి పెండ్లి. మూడు డిస్కులు. మొదటి దాంట్ల పెండ్లికూతురును చేసుడు, ఎదురుకోళ్లు. రెండో దాంట్ల తాళి, తలంబ్రాలు. మూడో దాంట్ల అప్పగింతలు. దాంట్ల మీ అమ్మ మాట్లాడుతది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

బావమరిది: అట్లయితే మెషిన్ ముచ్చట పక్కకు పెట్టు, డిస్కు ముచ్చట ఇను. సినిమా సీడీ అచ్చు పోసింది. పెండ్లి సీడీ స్టూడియోవోడు కంప్యూటర్ల కాల్చింది. అచ్చు దాంట్ల గుంటలుంటయి. కాల్చిన దాంట్ల రంగు పూత ఉంటది, లేజర్ ఆ రంగునే మార్చి రాస్తది. ఎండకు, వేడికి ఆ రంగు పాడైతది. మన ఎండలు తెల్సు గదా. టీవీ మీద, కిటికీ పక్కన పెట్టినోళ్ల డిస్కులు ఇప్పటికే చదువుతలేవు. నువ్వు మెషిన్ బాగు చేయించుకుని సంక్రాంతికోసారి చూసుకుంట అంటున్నవు. ఒక సంక్రాంతికి మెషిన్ నడుస్తది, డిస్కు నడవదు. అప్పుడు ఏ బెల్టు మార్చినా అమ్మ గొంతు రాదు.

బావ: ఏం చెయ్యమంటవు?

బావమరిది: డిస్కు డ్రైవున్న కంప్యూటర్ల పెడ్త. వీసీడీల ఎంపెగ్‌ఏవీ అని ఒక ఫోల్డర్ ఉంటది, సినిమా అంత దాంట్ల డాట్ అనే ఫైలుగ ఉంటది. మెల్లగ చదివిచ్చి తీస్త. మూడు కలిపినా రెండు జీబీ చిల్లర. పెన్‌డ్రైవ్‌ల ఒకటి, పిల్లల కంప్యూటర్ల ఒకటి, నా దగ్గర ఒకటి. ఒక్క కాపీ మీద నమ్మకం పెట్టుకోకు.

బావ: పెన్‌డ్రైవ్ టీవీకి పెడ్తే మూడు భాగాలు ఒకదాని ఎంబడి ఒకటి వస్తయా? మళ్ల ఎవరన్న లేవాల్నా?

బావమరిది: వరుసగ వస్తయి. రిమోట్ ముట్టే పని కూడ లేదు.

బావ: అయితే గెలిచింది నేనే. మధ్యల ఎవరు లేవకుంట మొత్తం నడవాలె అన్నదే గదా నా పంతం. ఇరవై ఏండ్ల తర్వాత నీ పెన్‌డ్రైవ్ కూడ ఆ పనే చేస్తున్నది.

బావమరిది: నువ్వు కోరుకున్నది గెలిచింది బావా, నువ్వు కొన్నది ఓడిపోయింది. నీ కోరికల తప్పు లేదు. ఆ కోరికను ఒక బెల్టు మీద, నాలుగు ప్లాస్టిక్ చక్రాల మీద పెట్టి అమ్మినోని దగ్గరనే నా పేచీ.

బావ: ఆ బెల్టు లేకపోతే నేను కోరుకునేటోన్నే కాదు. సరే, ప్లేయర్ పంపనా వద్దా?

బావమరిది: పంపు. డిస్కులు వేరే కవర్ల పెట్టి పంపు, ట్రేలల్ల పెట్టి బస్సెక్కియ్యకు. ముందు కాపీ, తర్వాత బెల్టు. కాపీకి పైసలు తీసుకోను, బెల్టుకు తీసుకుంట.

బావ: బెల్టు పైసలు ఇస్త. ప్రీసెట్ మాత్రం ముట్టుకోకు.